శ్రుతి కలిస్తే చాలు!

మీ ఇంట్లో అటక మీదో, బీరువా వెనకో, పిల్లల గదిలో తలుపు చాటునో ఓ గిటార్ ఉందేమో చూడండి. మీ ఇంట్లో లేదా? అయితే మీ చెల్లెలింట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటుంది. పదో తరగతి పాసైన సంబరంలో నాన్న కొనిచ్చిన గిటార్. మొదటి నెల రాత్రీ పగలూ మోగింది. రెండో నెల ఆదివారాలు మాత్రమే మోగింది. మూడో నెలకు సంచిలోకి దూరింది. ఇంటర్‌లో చేరాక దాని మీద పాత పుస్తకాల దొంతర చేరింది. ఇప్పుడు తీగలకు తుప్పు, సంచికి బూజు!

ఎందుకు మానేశావని అడగండి. 'వేళ్లు నొప్పెట్టాయి' అంటాడు. లేదంటే 'టైం దొరకట్లేదు' అంటాడు. రెండూ నిజమే కానీ రెండూ అసలు కారణాలు కావు. వేళ్ల నొప్పి మూణ్నాలుగు వారాల ముచ్చట. వేళ్ల కొసల్లో చర్మం కాస్త గట్టిపడిందంటే ఆ తర్వాత నొప్పి ఊసే ఉండదు. ఇక టైం అంటారా, సెల్‌ఫోన్ చూడటానికి దొరుకుతున్న టైం గిటార్‌కు ఎందుకు దొరకదు?

అసలు సంగతేమిటంటే, వాడు ఒక్కడే కూర్చుని వాయించాడు. పిల్లాడికి క్రికెట్ బ్యాట్ కొనిచ్చి 'గదిలో తలుపేసుకుని నువ్వొక్కడివే ఆడుకో' అంటే ఎన్నాళ్లు ఆడతాడు చెప్పండి! బంతి వేసేవాడొకడు, పట్టేవాడొకడు, ఔటో కాదో తగువు పెట్టుకునేవాడొకడు ఉంటేనే ఆట. సంగీతమూ అంతే. ఒంటరిగా ఉన్న గిటార్ మూలన పడుతుంది. నలుగురి మధ్య పడ్డ గిటార్ బతికిపోతుంది.

శ్రోతలు లేని కచేరీ

ఈ మాట ఆర్మూర్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నిజామాబాద్ జిల్లాలో 44వ నంబరు, 63వ నంబరు జాతీయ రహదారులు కలిసే ఈ పట్నం చుట్టూ పసుపు చేలే. జూన్‌లో విత్తు వేస్తే కొమ్ము చేతికొచ్చేది జనవరి తర్వాతే. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి, పాలిష్ పట్టాలి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలాలి. ధర వచ్చిందా పండగ, రాకపోతే దిగులు. ఎనిమిది తొమ్మిది నెలలు ఓపిక పట్టించే పంట ఇది. అలాంటి ఓపిక ఉన్న ఊళ్లలో పాటకు కూడా చోటుంటుంది.

శనివారం రాత్రి ఈ ప్రాంతంలో ఏ హనుమాన్ గుడి ముందైనా ఆగి చూడండి. హార్మోనియం పెట్టె ముందు ఓ పెద్దమనిషి ఉంటాడు. పక్కన ఢోలక్ వాయించే ఇంకొకరు. చుట్టూ తాళాలు పట్టుకుని పదిమంది. వీళ్లలో పొద్దున నాగలి పట్టినవాళ్లున్నారు, కిరాణా కొట్టు నడిపేవాళ్లున్నారు, బడిలో పాఠం చెప్పేవాళ్లున్నారు. సంగీత కళాశాల గడప తొక్కినవాళ్లు వెతికినా దొరక్కపోవచ్చు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. ఒకాయన గొంతు కాస్త పక్కకు పోతుంది. పోనీయండి! పదిమంది గొంతుల్లో అది కలిసిపోతుంది. ఎదురుగా కుర్చీలుండవు, టికెట్లుండవు. వచ్చినవాళ్లకు చేతిలో ఓ జత తాళాలు పెడతారు. అంతే, వాళ్లూ మేళంలో చేరిపోయినట్టే.

చిరుతల రామాయణం సంగతీ అదే. తెలంగాణ పల్లెల్లో పొలం పనులు తగ్గిన రోజుల్లో ఊరి మగవాళ్లు ఓ గురువును పెట్టుకుని రాత్రుళ్లు అడుగులు నేర్చుకుంటారు. చేతుల్లో చిరుతలు, కాళ్లకు గజ్జెలు. పొద్దంతా పొలంలో మట్టి పిసికిన మనిషి రాత్రికి రాముడో, హనుమంతుడో అవుతాడు. నెలల తరబడి కలిసి నేర్చుకుని, కడకు ఊరి మధ్యలో ఆడతారు. చూసేది ఎవరు? వాళ్ల అమ్మలు, అక్కలు, పిల్లలు.

ఇక బతుకమ్మ! 2014లో రాష్ట్ర పండుగ అయింది గానీ, అంతకు ఎన్నో తరాల ముందే అది ఆడవాళ్ల సంగీత సభ. పూలను మధ్యలో పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లే తాళంగా పాడే ఆ వలయంలోకి రావడానికి పరీక్షలుండవు. పాట రానివాళ్లు చప్పట్లు కొడతారు. రెండో చుట్టులో పల్లవి వచ్చేస్తుంది. మూడో చుట్టుకు పాటంతా వచ్చేస్తుంది. అత్తగారి ఊరికి కొత్తగా వచ్చిన కోడలికి వాడకట్టులో మొదటి స్నేహితులు దొరికేది ఆ వలయంలోనే కదా!

తెలుగులో ఓ చక్కని మాట ఉంది, ఔత్సాహికులు అని. ఉత్సాహంలోంచి పుట్టిన మాట. ఇంగ్లీషులో అమెచ్యూర్ అంటారు. అది ఫ్రెంచి మాట, ప్రేమించేవాడని దాని అర్థం. రెండింట్లోనూ చూడండి, 'సరిగా రానివాడు' అనే అర్థం ఎక్కడా లేదు. ఆ అర్థం మనం తర్వాత తగిలించాం.

పెట్టె మనదేనా?

'భజన వేరు, గిటార్ వేరు. అది పరదేశీ వాద్యం, మనకెందుకు?' అనేవాళ్లున్నారు. వాళ్లకోసం ఓ చిన్న కథ.

భజన మేళానికి ప్రాణంలాంటి హార్మోనియం ఎక్కడ పుట్టిందనుకున్నారు? పారిస్‌లో! అలెగ్జాండర్ దెబాఁ అనే ఆయన 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో అది కుర్చీలో కూర్చుని, కాళ్లతో గాలి కొడుతూ వాయించే పెద్ద పెట్టె. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే మనకు అది కుదరదు కదా. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దాన్ని కుదించి, ఒక చేత్తో గాలి కొడుతూ ఇంకో చేత్తో వాయించుకునేలా మార్చాడు. అక్కణ్నుంచి అది నాటకాల్లోకి, గుళ్లలోకి, పల్లెల్లోకి నడిచింది.

పెద్దలకు మాత్రం అది నచ్చలేదు. మన రాగాల్లోని గమకాలు దాని మెట్ల మీద పలకవన్నారు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. ముప్పై ఏళ్లు! ఆ ముప్పై ఏళ్లూ రేడియోలో హార్మోనియం మోగలేదు. మన పల్లెల్లో మాత్రం ఒక్క శనివారమూ ఆగలేదు. ఢిల్లీలో నిషేధమున్న సంగతి గుడి ముందు కూర్చున్న భజన పెద్దకు తెలిస్తే కదా!

వయొలిన్ కూడా యూరప్ నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. ఇవాళ వయొలిన్ లేని కర్ణాటక కచేరీ ఊహించగలమా? మాండలిన్ సంగతి సరేసరి. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్, తండ్రి దగ్గరున్న మాండలిన్‌ను ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నాడు. చివరికి వాద్యం పేరే ఇంటిపేరైపోయింది. 2014లో నలభై అయిదేళ్లకే ఆయన కన్నుమూసినప్పుడు ప్రపంచమంతా కంటతడి పెట్టింది. ఓ చిన్న పట్నంలో ఓ పిల్లాడి చేతికి అందిన వాద్యం ఎంత దూరం తీసుకెళ్లిందో చూడండి.

గిటార్ కూడా మనకు ఎప్పుడో చుట్టమైంది. అన్నదమ్ములతో కలిసి ఊరూరా తిరిగి పాడిన ఇళయరాజా మద్రాసు వచ్చి, ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. సొంతంగా సినిమాలు చేయకముందు గిటార్ వాయిద్యకారుడిగా పనిచేశారు. 'సాగర సంగమం', 'గీతాంజలి' పాటలు విని పెరిగిన ఇంట్లో గిటార్ పరాయిదెలా అవుతుంది?

ఎఫ్ అనే గోడ

గిటార్ నేర్చుకునేవాళ్లందరికీ ఒకే చోట ఒక గోడ అడ్డం వస్తుంది. దాని పేరు ఎఫ్ కార్డ్.

కార్డ్ అంటే మరేం లేదు, కొన్ని స్వరాలు ఒకేసారి మోగే గుత్తి. గిటార్‌కు ఆరు తీగలు. ఎడమచేతి వేళ్లతో కొన్ని చోట్ల నొక్కి, కుడిచేత్తో మీటితే ఆ గుత్తి పలుకుతుంది. జి, సి, డి, ఇ మైనర్ అనే నాలుగు గుత్తులు చేతికొచ్చాయంటే ఎన్నో సినిమా పాటలకు వెనక వాయించేయొచ్చు. కుర్రాళ్లు నెల తిరక్కుండా హుషారుగా పాటలందుకునేది ఈ ధైర్యంతోనే. ఆ తర్వాత ఎఫ్ వస్తుంది. చూపుడువేలిని అడ్డంగా పడుకోబెట్టి తీగలన్నీ ఒక్క వేలితో అదిమిపెట్టాలి, మిగతా వేళ్లు వేరే చోట్ల నొక్కాలి. ఎంత నొక్కినా టప్‌మని మొద్దు చప్పుడే వస్తుంది. ఇంట్లో ఒక్కడే కూర్చుని నేర్చుకునేవాడు 'నా వేళ్లు పొట్టివి, నాకిది రాసిపెట్టి లేదు' అనుకుంటాడు. గిటార్ సంచిలోకి పోయేది ఆ రోజే.

అదే నలుగురు కలిసి నేర్చుకుంటున్నారనుకోండి. ఒకడి ఎఫ్ మొద్దుబారితే పక్కవాడి ఎఫ్ కూడా అలాగే ఏడుస్తూ ఉంటుంది. అది విని ఇద్దరూ నవ్వుకుంటారు. 'నీదీ గట్లనేనా?' 'అరె, మోచెయ్యి లోపలికి తీస్కో, బొటనవేలు వెనక నడుమ పెట్టు' అని ఇంకొకడు చెబుతాడు. వాడికి అది పోయిన వారమే వచ్చింది కాబట్టి, ఎక్కడ కష్టమో వాడికి బాగా గుర్తుంటుంది. గొప్ప గురువులు కూడా ఒక్కోసారి మరిచిపోయే సంగతి అది! అందుకే కొత్తగా నేర్చుకునేవాడికి, నిన్న నేర్చుకున్నవాడు మంచి మాస్టారు.

ఆర్మూర్ రైతుకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. ఉడకబెట్టి ఆరబెట్టిన పసుపు కొమ్ము చూడటానికి ముడతలు పడి మట్టి రంగులో ఉంటుంది. దాన్ని డ్రమ్ములో పోసి తిప్పుతారు. డ్రమ్ము గోడకూ, కొమ్ముకు కొమ్మూ రాసుకుంటూ ఉంటే పైపొట్టు రాలిపోయి పసిడి రంగు బయటపడుతుంది. ఒక్క కొమ్మును డ్రమ్ములో వేసి ఎంతసేపు తిప్పినా ఆ మెరుపు రాదు. నలుగురు కలిసి వాయించే చోట జరిగేదీ అచ్చం అదే.

గుండెలూ ఒకే తాళం

ఇదంతా కవిత్వమని కొట్టిపారేయకండి. శాస్త్రవేత్తలు కూడా దీని మీద పనిచేశారు. స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఓ సంగతి బయటపెట్టారు. నలుగురూ కలిసి ఒకే పాట పాడుతుంటే వాళ్ల గుండె వేగం కూడా కలిసికట్టుగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుందట. కారణం తేలికే. పాట చరణానికి తగ్గట్టు అందరూ ఒకేసారి ఊపిరి తీస్తారు, ఒకేసారి వదులుతారు. ఊపిరి వెంట గుండె నడుస్తుంది.

ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనం ఇంకా ముచ్చటైనది. పెద్దవాళ్ల కోసం నడిపే సరదా తరగతులను ఏడు నెలలపాటు గమనించారు. కొన్నింట్లో బృందగానం, మిగతావాటిలో చేతిపనులు, కథలు రాయడం లాంటివి. ఏడు నెలలు తిరిగేసరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు కుదిరాయి. అయితే పాడేవాళ్లు మాత్రం మొదటి నెలలోనే దగ్గరైపోయారు. పరిచయం పెంచుకోవడానికి పట్టే కాలాన్ని పాట తగ్గించేస్తుందన్నమాట. రైల్లో అంత్యాక్షరి మొదలుపెట్టిన అరగంటకే పక్క సీటువాళ్ల పులిహోర డబ్బా మన చేతికి రావడం వెనక రహస్యం ఇదే!

పోలండ్‌లో వ్రోత్స్‌వాఫ్ అనే నగరముంది. దాని నడిబొడ్డున పాతకాలపు మార్కెట్ కూడలి. 2003 నుంచి ఏటా మే 1 వచ్చేసరికి అక్కడికి గిటార్లు భుజాన వేసుకుని జనం వస్తారు. పిల్లలు, ముసలివాళ్లు, నిన్న నేర్చుకున్నవాళ్లు, నలభై ఏళ్లుగా వాయిస్తున్నవాళ్లు. అందరూ కలిసి జిమీ హెండ్రిక్స్ ప్రసిద్ధం చేసిన 'హే జో' పాట ఒకేసారి వాయిస్తారు. 2019లో అలా ఒకేసారి మోగిన గిటార్లు 7,423. అందులో ఎవరు బాగా వాయించారని అడిగితే ఏం చెబుతాం? ఎవరికి వినపడుతుంది గనక!

అంత దూరమెందుకు, మన డార్జిలింగ్‌లో 2013 జనవరిలో దాదాపు 600 మంది గిటార్లతో ఒకచోట చేరారు. అంతకు కొద్ది రోజుల ముందు ఢిల్లీ దారుణంలో ప్రాణాలు కోల్పోయిన అమ్మాయికి నివాళిగా జాన్ లెనన్ 'ఇమాజిన్' వాయించారు. సంతోషంలో కలిసి వాయించడం నేర్చుకున్నవాళ్లకు దుఃఖంలో కూడా కలిసి నిలబడటం తెలుస్తుంది. కొవ్వొత్తి పట్టుకున్న చేతికీ గిటార్ పట్టుకున్న చేతికీ ఆ రోజు తేడా లేదు.

'నౌకరొస్తదా?'

ఇక్కడ నాన్నలు గొంతు సవరించుకుంటారని తెలుసు. 'గిటార్ వాయిస్తే నౌకరొస్తదా బిడ్డా? ఎప్‌సెట్ ర్యాంకొస్తదా?'

రాదు. నిజమే చెప్పుకుందాం. నూటికి తొంభై తొమ్మిది మందికి గిటార్ అన్నం పెట్టదు. అయితే, వాలీబాల్ ఆడితే నౌకరొస్తుందని ఆడుతున్నారా? శనివారం భజనకు పోయే తాతకు ఏం జీతమొచ్చింది? సంగీతాన్ని ఇప్పుడు రెండే గదుల్లో పెట్టేశాం. ఒకటి పోటీ గది, అక్కడ గెలవాలి. రెండోది వినే గది, అక్కడ చప్పట్లు కొట్టాలి. టీవీలో పాటల పోటీలు మంచి గాయకులను ఇచ్చాయి, కాదనం. మధ్యలో ఇంకో పెద్ద గది ఉండేదని మాత్రం మరిచిపోయాం. గెలవక్కర్లేదు, ఊరికే కూర్చుని చూడక్కర్లేదు, కలిసి పాడుకుంటే చాలు. భజన గుడి, బతుకమ్మ వాకిలి ఆ గదిలోవే.

ఆ గది మూసుకుపోతే నష్టం సంగీతానికి కాదు, మనకే. ఆర్మూర్ చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని వాడకట్టు దొరకడం కష్టం. కొడుకు దుబాయిలో, తండ్రి ఊళ్లో. ఇంకో కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. సాయంత్రమైతే ముగ్గురూ ఒంటరివాళ్లే. డ్యూటీ దిగి క్యాంపు గదికి వచ్చిన మనిషికి, పక్క మంచం మీద గిటారో డప్పో వాయించే తోడు దొరికితే, ఆ రాత్రి ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుంది. భాష రాని చోట, ఊరు కాని ఊళ్లో, మన ముందు నడిచి స్నేహితుణ్ని వెతికిపెట్టే చుట్టం పాట. అలాంటి చుట్టాన్ని పదహారేళ్లకే ఇంట్లోంచి వెళ్లగొడితే, నలభై ఏళ్లప్పుడు పిలిస్తే వస్తుందా?

అమ్మాయిల సంగతి ఇంకో రకం. అబ్బాయిలు గిటార్ పట్టుకుని సాయంత్రం సిద్ధుల గుట్ట మీదికి పోతారు, దాబా మీద కూర్చుంటారు. అమ్మాయికి ఆ చోటేదీ? నేర్చుకునేది తలుపేసిన గదిలో, ఫోన్‌లో వీడియో చూసి. పెళ్లి కుదిరాక గిటార్ పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఆదివారం ఓ రెండు గంటలు ఇంటి ముందు గది ఖాళీ చేసి, 'మీ దోస్తులను పిలుచుకో బిడ్డా, చాయ్ నేను పెడత' అని ఒక్క అమ్మ అంటే చాలు. ఆ ఇల్లే ఆ వాడకట్టు అమ్మాయిలకు సంగీత సభ.

మొదలెట్టేదెలా?

దీనికి పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. కొన్ని చిన్న పద్ధతులు పెట్టుకుంటే చాలు.

వారం, వేళ ఒకటే ఉండాలి. 'వీలైనప్పుడు కలుద్దాం' అంటే ఎప్పటికీ కలవరు. శనివారం భజన తరాలు నిలిచింది శనివారమని పెట్టుకున్నందుకే.

ముందు ఒకే పాట. అందరికీ తెలిసిన, మూడు నాలుగు కార్డ్‌లతో పోయే పాట. బాగా వచ్చినవాళ్లు వేగం తగ్గించుకోవాలి, కొత్తవాళ్లు ధైర్యం పెంచుకోవాలి. అందరికంటే నెమ్మదిగా వాయించేవాడిదే ఆ రోజు వేగం.

ఫోన్ జేబులోనే ఉండాలి. వీడియో తీయడం మొదలైన మరుక్షణం ప్రతి ఒక్కరూ తను ఎలా కనిపిస్తున్నానో చూసుకుంటారు. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినడం మానేస్తారు. వినడం ఆగిందంటే తాళం తప్పినట్టే.

గిటార్ లేనివాళ్లకూ పని ఇవ్వండి. తమ్ముడికి తాళాలు, చెల్లెలికి పాట, పక్కింటి కాకకు ఢోలక్. ఏదీ లేకపోతే చప్పట్లు ఉండనే ఉన్నాయి.

అన్నిటికంటే ముఖ్యం, తాతను పిలవండి. హార్మోనియంతో సహా! ఇక్కడే ఓ చిక్కూ, ఓ ముచ్చటా ఉన్నాయి. గిటార్ తీగలను చెవులు తిప్పి బిగించవచ్చు, వదులు చేయవచ్చు. హార్మోనియానికి ఆ సౌకర్యం లేదు. దాని శ్రుతి లోపలి రీడ్లలో ఉంటుంది. వాటిని గీకి సరిచేయాలంటే మేస్త్రీ రావాలి. పాత పెట్టెలైతే ఫోన్‌లో శ్రుతి చూపించే యాప్‌తో అసలే కలవకపోవచ్చు. అప్పుడేం చేయాలి? యాప్ పక్కన పెట్టి తాతను ఒక మెట్టు నొక్కి పట్టమనాలి. మనవడు చెవి పెట్టి విని, ఒక్కో తీగనూ ఆ స్వరానికి తెచ్చుకోవాలి. చిన్నవాడు కాస్త బిగించుకోవాలి, కాస్త వదులుకోవాలి. పెద్దాయన ఆ స్వరాన్ని ఓపికగా పట్టి ఉంచాలి. ఇద్దరికీ పనే!

తాత 'రెండు శ్రుతి'లో పాడతానంటే మనవడు కంగారుపడక్కర్లేదు. మనవాళ్లు రెండు అనేదాన్నే వాళ్లు డి అంటారు. గిటార్ మెడ మీద రెండో మెట్టు దగ్గర క్యాపో అనే చిన్న క్లిప్పు బిగించి, తనకు తెలిసిన సి కార్డ్‌నే వాయిస్తే అది డి అయి కూర్చుంటుంది. పాట రాగం బరువైనదై, కార్డ్‌లు ఎక్కడెక్కడ మార్చాలో తెలియకపోతే స, ప స్వరాలు మాత్రం మీటుతూ ఉంటే చాలు. గిటార్ తంబూరా అయిపోతుంది. రెండు మూడు వారాలు ఇలా కూర్చున్నాక తాతే అంటాడు చూడండి: 'ఏమిరా, మొన్న కొట్టినవ్ గదా టింగు టింగుమని, గది మళ్ల కొట్టు!' ఆ రోజు రెండు తరాలకు శ్రుతి కలిసినట్టు.

కొన్నేళ్లకు ఈ మేళంలోంచి ఒకడు హైదరాబాద్ పోతాడు, ఇంకొకడు గల్ఫ్ పోతాడు, ఒకమ్మాయి పెళ్లయి కరీంనగర్ పోతుంది. మేళం చెదిరిపోయిందని దిగులు పడకండి. దసరాకు ఊరికొచ్చినప్పుడు వాళ్లు ముందు అడిగేది ఒకటే: 'ఆదివారం కూర్చుంటున్నమా?' వేళ్లు మొద్దుబారి ఉంటాయి, ఎఫ్ మళ్లీ మొండికేస్తుంది, అందరూ మళ్లీ నవ్వుతారు. ఎప్పుడో ఎనిమిదేళ్ల కింద ఆపిన చోటు నుంచే పాట మొదలవుతుంది. స్నేహానికి ఇంతకంటే మంచి భద్రం పెట్టె ఎక్కడుంది?

కాబట్టి కొత్త గిటార్ కొనాలా, ఏ కంపెనీది మంచిది, మాస్టారెవరు అనే లెక్కలు తర్వాత. మీ పిల్లలతో పాటు బయటికి నడవండి. వాడకట్టులో ఇంకో గిటార్ ఎవరింట్లో ఉందో కనుక్కోండి. ఒక గిటార్ ఉంటే అది వస్తువు. రెండోది దొరికిందా... ఇక అది సంఘం!